చెంబులో ఇరవై చీటీలు: లెక్కంతా కింది అంకెలోనే

నెల్లూరు దర్గామిట్టలోనో, ఒంగోలు లాయరుపేటలోనో ఏదో ఒక ఇంటి వరండాలో నెలకోసారి జరిగే పనే ఇది. ఇరవైమంది కలిసి తలా ఐదు వేలు వేసుకునే చీటీ. పాట ఉండదు, డిప్పు తీస్తారు. పేర్లు రాసిన కాగితాలు మడిచి స్టీలు చెంబులో వేస్తారు. చెంబు మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి నాలుగుసార్లు కుదుపుతారు. పక్కింటి చిన్నపిల్లని పిలిచి "ఒకటి తియ్యమ్మా" అంటారు. ఎవరి పేరు వస్తే ఆ నెల లక్ష వాళ్లది. ఆ కాగితం చించేసి, మిగతా పంతొమ్మిదీ ఓ డబ్బాలో వేసి పై నెలకి దాచిపెడతారు.

మొదటి నెల ఫలానా పేరు వచ్చే అవకాశం ఎంత అని ఆ వరండాలోనే అడిగితే, ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట: "వస్తే వస్తాది, రాకుంటే రాదు. సగం సగం."

వినడానికి న్యాయంగానే ఉంటుంది. జరిగేవి రెండే కదా, రావడం, రాకపోవడం. అందులో ఒకటి మనకి కావలసింది. రెంట్లో ఒకటి అంటే సగం. కానీ అదే మాట పక్కన కూర్చున్నావిడా అనుకోవచ్చు, ఆమె పక్కనున్నాయనా అనుకోవచ్చు. ఇరవైమందికీ సగం చొప్పున అవకాశం ఉంటే ఆ నెల సగటున పదిమందికి చీటీ రావాలి. చెంబులోంచి వచ్చేది ఒక్క కాగితం. ఎక్కడో లెక్క తప్పింది.

తప్పింది భిన్నంలో కింది అంకె దగ్గర. పేరు రావడానికి ఉన్న దారి ఒకటే, ఆ పేరున్న కాగితం పిల్ల వేళ్లకి తగలాలి. రాకపోవడానికి మాత్రం పంతొమ్మిది దారులున్నాయి. పంతొమ్మిదిటినీ ఒక మూట కట్టి 'రాకపోవడం' అని ఒకే పేరు పెట్టినంత మాత్రాన అవి ఒకటైపోవు. చెంబులో ఉన్నవి ఇరవై కాగితాలు, పిల్ల చేతికి ఏదైనా ఒకటే. కాబట్టి 1/20, నూటికి ఐదు. ఎవరైనా రెండు చీటీలు కట్టి, రెండు కాగితాల మీద పేరు రాయించుకుని ఉంటే పైన 2, కింద 20, అంటే పదింట ఒకటి.

పదో తరగతి లెక్కల్లో దీన్ని సంభావ్యత అంటారు. అనుకూల పర్యవసానాల సంఖ్యని మొత్తం పర్యవసానాల సంఖ్యతో భాగించమంటారు. సూత్రం ఒక్క లైను, భాగహారం ఐదో తరగతి పిల్లలకీ వస్తుంది. అయినా ఈ పాఠం దగ్గరే చాలామంది తడబడతారు. ఎందుకంటే సూత్రంలోకి వెళ్లే ముందు వాకిట్లోనే ఒక షరతు నిలబడి ఉంది: లెక్కపెట్టే పర్యవసానాలన్నీ సమసంభవాలై ఉండాలి. ఏది తీసినా ఒకటే అన్నట్టుండాలి. పరీక్షలో 'ఒకే పరిమాణం గల బంతులు', 'బాగా కలిపిన పేకముక్కలు' అని ప్రశ్నలోనే రాసి ఇస్తారు కాబట్టి ఆ షరతుని ఎవరూ పట్టించుకోరు. బయట ఆ మాట ఎవరూ రాసివ్వరు. మనమే చూసుకోవాలి.

తప్పడంలో సిగ్గుపడాల్సింది లేదు. ఫ్రాన్సులో దలంబేర్ అనే పెద్ద గణితవేత్త 1754లో, ఆ దేశపు విజ్ఞాన సర్వస్వానికి రాసిన వ్యాసంలోనే ఇలాంటి పొరపాటు చేశాడు. నాణెం రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒక్కసారి బొమ్మ పడే అవకాశం ఎంత అన్నది ప్రశ్న. మొదటిసారే బొమ్మ పడితే ఆట అక్కడితో సరి. లేదంటే బొరుసు పడి తర్వాత బొమ్మ పడొచ్చు. లేదంటే రెండుసార్లూ బొరుసే. మొత్తం మూడు, అందులో రెండు అనుకూలం, కనుక 2/3 అన్నాడు. అసలు జవాబు 3/4. ఆయన మొదటి అంశంలో రెండు దారులు దాక్కున్నాయి, బొమ్మ తర్వాత బొమ్మ, బొమ్మ తర్వాత బొరుసు. రెంటినీ కలిపి ఒకటిగా లెక్కపెట్టాడు. పాస్కల్, ఫెర్మాలు 1654లో ఉత్తరాలు రాసుకుని ఈ శాస్త్రానికి పునాది వేసిన వందేళ్ల తర్వాత కూడా అంతటివాడికే కింది అంకె జారిపోయింది. మన వరండాలో 'సగం సగం' అన్నవారిది అదే జాతి తప్పు, కాకపోతే కొంచెం పెద్దది.

ఈ అంకెల్ని మనవాళ్లు శాతాల్లోనే చెప్పుకోవాలని లేదు. పాత తరం రూపాయిని పదహారు అణాలుగా చేసుకుని మాట్లాడేది. 'పదహారణాలా నిజం' అంటే 1, కచ్చితం. పావలా వంతు అంటే 1/4, బేడ అంటే 1/8. పెళ్లి సంబంధం 'పన్నెండణాలు ఖాయం' అంటే నూటికి డెబ్భై ఐదు అన్నమాట. సంభావ్యత సున్నాకీ ఒకటికీ మధ్యే ఉంటుందని పుస్తకం చెబుతుంది. రూపాయిలో పదిహేడో అణా లేనట్టే ఇదీను. జరిగే అవకాశం నాలుగణాలైతే జరగని అవకాశం తక్కిన పన్నెండణాలు, పుస్తకం పూరక ఘటన అనేది దాన్నే.

నిజంగా సగం సగం అయ్యే చోటూ ఒకటుంది. ఎన్నికల్లో ఇద్దరు అభ్యర్థులకి ఓట్లు సరిసమానంగా వస్తే, 1951 ప్రజా ప్రాతినిధ్య చట్టం 65వ సెక్షను ప్రకారం రిటర్నింగ్ అధికారి లాటరీ తీస్తారు. లాటరీలో గెలిచినవారికి ఒక ఓటు అదనంగా పడినట్టు లెక్క. రెండే చీటీలు, ఒకే రకం కాగితం, ఒకే మడత. అక్కడ అర్ధరూపాయి అనొచ్చు, ఎవరూ కాదనరు.

ఇక ఎవరు ముందు తీస్తే ఎవరికి లాభం?

రాజు, రాణి, మంత్రి, పోలీసు, దొంగ అని ఐదు చీటీలు రాసి గుమ్మరించగానే పిల్లలు మీదపడి లాక్కుంటారు. ముందు తీసుకుంటే దొంగ తప్పుతుందని నమ్మకం. చివర మిగిలినదాన్ని ఎత్తుకునే పిల్లాడు మొహం వేలాడేస్తాడు. లెక్క చూద్దాం. మొదట తీసేవాడికి దొంగ వచ్చే అవకాశం 1/5. రెండోవాడికి దొంగ రావాలంటే ముందు మొదటివాడికి రాకూడదు, అది 4/5. ఆ తర్వాత మిగిలిన నాలుగింటిలో దొంగ వీడికి తగలాలి, అది 1/4. రెండూ గుణిస్తే మళ్లీ 1/5. మూడోవాడికి 4/5, 3/4, 1/3 గుణిస్తే మళ్లీ అదే 1/5. చివరివాడికీ అంతే. మడిచిన కాగితాలు ఎవరూ విప్పనంతవరకూ ముందూ వెనకా తేడా లేదు. ఐదుగురూ తీసుకుని ఒకేసారి విప్పుతారనుకుంటే గుణకారం కూడా అక్కర్లేదు, దొంగ చీటీ ఐదు చేతుల్లో ఏ చేతిలోనైనా ఉండొచ్చు, అంతే.

ఇరవై నెలల చీటీకీ ఇదే వర్తిస్తుంది. మొదలుపెట్టే రోజున ఆలోచిస్తే ఫలానావాళ్లకి ఏడో నెలలో వచ్చే అవకాశం 1/20, పదిహేడో నెలలో వచ్చే అవకాశమూ 1/20. ఆ రోజుకి అన్ని నెలలూ సమానమే. కానీ పది నెలలు గడిచి, పదిమంది ఎత్తుకుని, ఇంకా పేరు రాని ఒకావిడ పదకొండో నెల వరండాలో కూర్చుని ఉంటే ఆమె ముందున్న ప్రశ్న వేరు. ఇప్పుడు చెంబులో ఉన్నవి పది కాగితాలు. ఆమెకి ఈ నెల అవకాశం 1/10. "ఇన్నాళ్లూ రాలేదు, ఇక వస్తుంది" అని ఆమె అనుకుంటే ఆ మాటలో నిజముంది. నెలనెలా అవకాశం పెరుగుతూనే వచ్చింది, 1/20, 1/19, 1/18 అలా.

సరిగ్గా అదే మాట తిరుమల ఆర్జిత సేవల లక్కీడిప్పు గురించి అంటే మాత్రం తప్పవుతుంది. నెల్లూరు నుంచి తిరుపతి ఎంత దూరం గనక, ప్రతి నెలా ఫోన్లో నమోదు చేసుకునే కుటుంబాలు వీధికి నాలుగుంటాయి. ఏడాదిగా పన్నెండుసార్లు వేశాం, ఒక్కసారీ రాలేదు, పదమూడోసారి రావాల్సిందే అంటుంటారు. భక్తి సంగతి వేరు, లెక్క సంగతి వేరు. అక్కడ ప్రతి నెలా జాబితా కొత్తది. నిరుడు రానివాళ్ల పేరు పక్కన కంప్యూటర్ చుక్క పెట్టుకుని గుర్తుంచుకోదు. పదమూడోసారి అవకాశం ఆ నెల ఎంతమంది వేశారు, ఎన్ని టికెట్లున్నాయి అన్నదాన్ని బట్టే.

రెండు చోట్లా మనిషి పడే ఎదురుచూపు ఒకటే. ఒకచోట అది అవకాశాన్ని పెంచుతుంది, ఇంకోచోట ఏమీ చేయదు. తేడా అంతా ఒక చిన్న ప్రశ్నలో ఉంది: తీసినదాన్ని తిరిగి వేశారా, పక్కన పెట్టారా? చీటీ చెంబులో తీసిన పేరు పక్కకి పోతుంది కాబట్టి కింది అంకె నెలనెలా తగ్గుతుంది. లక్కీడిప్పులో కింది అంకె ప్రతిసారీ మొదటి నుంచి తయారవుతుంది. లెక్కల పుస్తకంలో 'తిరిగి ఉంచకుండా' అనే రెండు పదాలు చూడకుండా దాటేసి మార్కులు పోగొట్టుకునేదీ ఇక్కడే.

అపార్టుమెంట్లలో సంక్రాంతికో న్యూ ఇయర్‌కో ఆడే హౌసీ కూడా చెంబు జాతిదే. సంచిలో 1 నుంచి 90 దాకా అంకెలు, చేతిలో టికెట్ మీద పదిహేను. మొదట పిలిచే అంకె టికెట్లో ఉండే అవకాశం 15/90, అంటే ఆరింట ఒకటి. ముప్పై అంకెలు పిలిచేసరికి టికెట్లో ఆరు కొట్టేశారనుకోండి, ఇంకా తొమ్మిది మిగిలాయి, సంచిలో అరవై. తర్వాతి పిలుపుకి 9/60, నూటికి పదిహేను. అసలు టెన్షన్ ఫుల్ హౌస్‌కి ఒక్క అంకె మిగిలినప్పుడు. సంచిలో ఇరవై ఉంటే ఆ ఒక్కటి తర్వాతి పిలుపులో రావడానికి 1/20. ఒక్కటే కదా మిగిలింది, వచ్చేసినట్టే అనిపిస్తుంది. పై అంకె ఒకటికి దిగడం కళ్లెదుట కనబడుతుంది, కింది అంకె సంచిలో ఉండి కనబడదు.

డబ్బు పెద్దదైతే ఈ కనబడని అంకె ఎంత పని చేస్తుందో 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ అంతా చూసింది. కొత్త మద్యం విధానంలో 3,396 షాపులకి 89,882 దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకి 2 లక్షల రుసుము, షాపు రాకపోయినా తిరిగివ్వలేదు. నెల్లూరు, ప్రకాశం సహా అన్ని జిల్లాల్లోనూ అక్టోబరు 14న లాటరీ తీశారు. దరఖాస్తులని షాపులతో భాగిస్తే సగటున షాపుకి ఇరవై ఆరున్నర. అంటే ఒక దరఖాస్తుకి నూటికి 3.8 అవకాశం, రూపాయిలో అర్ధణా కంటే కాస్త ఎక్కువ.

కానీ ఆ సగటుతో ఎవరికీ పని లేదు. రాష్ట్రం మొత్తానికి ఒక చెంబు లేదు. ఒక్కో షాపుకి ఒక్కో చెంబు. ఐదు దరఖాస్తులే వచ్చిన షాపులో అవకాశం 1/5, నూరొచ్చిన చోట 1/100. రెండు చోట్లా కట్టేది అదే రెండు లక్షలు. అందుకే గడువు చివరి రోజుల్లో ఎక్కడ ఎన్ని పడ్డాయో కనుక్కోవడానికి అంత ఆరాటం. వాళ్లు వెతికేది కింది అంకెనే. బడికెళ్లి సంభావ్యత చదవకపోయినా వ్యాపారికి ఆ సంగతి తెలుసు.

పది దరఖాస్తులు పెట్టే స్తోమత, అంటే ఇరవై లక్షలు, ఉందనుకుందాం. మీ పదితో కలిపి నలభై దరఖాస్తులున్న ఒకే షాపు మీద పదీ గుమ్మరించడమా, నలభైయేసి ఉన్న పది షాపులకి ఒక్కోటి చొప్పున చల్లడమా? ఒకేచోట వేస్తే 10/40, పావలా వంతు. వస్తే ఒక షాపు, లేకపోతే లేదు. చల్లితే? ఒక్కోచోట 1/40, పది చోట్ల కాబట్టి 10/40, ఇదీ పావలాయే అని చాలామంది కూడేస్తారు. అలా కూడటం కుదరదు, ఎందుకంటే రెండు షాపులు తగిలే సందర్భాల్ని అందులో రెండేసి సార్లు లెక్కపెట్టినట్టవుతుంది. దీనికి తేలిక దారి తలకిందుల నుంచి రావడం: ఒక్కటీ రాకుండా పోయే అవకాశం 39/40ని పదిసార్లు గుణించాలి, అది నూటికి 77.6. వందలోంచి తీసేస్తే కనీసం ఒక్కటైనా వచ్చే అవకాశం 22.4. పావలాకి కాస్త తక్కువ. ఆ తక్కువైనది ఎటూ పోలేదు, రెండో అంతకన్నా ఎక్కువో షాపులు తగిలే అవకాశం నూటికి రెండున్నర దాకా ఉంది, అందులోకి వెళ్లింది. ఏది మేలన్నది మనిషిని బట్టి. ఒక్క షాపు చాలనుకునేవాడికి గుమ్మరించడమే నయం. రెండు దారుల్లోనూ ఇరవై లక్షలూ మునిగే అవకాశం మాత్రం పన్నెండణాలకి తగ్గదు.

ఇంతవరకూ కాగితాలన్నీ ఒకేలా ఉన్నాయనీ బాగా కలిశాయనీ ఒప్పుకుని లెక్క చేశాం. ఆ ఒప్పుదల ఎప్పుడూ దొరకదు. పొదలకూరు, గూడూరు మార్కెట్లలో నిమ్మకాయలు కొనే వ్యాపారి బస్తా పైన చెయ్యి పెట్టి రెండు కాయలు చూసి ధర కట్టడు. అడుగుదాకా చెయ్యి పోనిస్తాడు, లేదా గుమ్మరించి చూస్తాడు. పైన ఉన్నవి అడుగున ఉన్నవాటిలాగే ఉంటాయన్న నమ్మకం లేకనే. అరవై కాయల బుట్టలో తొమ్మిది చెడ్డవైతే, కళ్లు మూసుకుని తీసిన కాయ చెడ్డదయ్యే అవకాశం 9/60, నూటికి పదిహేను. రెండు కాయలు తీస్తే రెండూ మంచివయ్యే అవకాశం 51/60ని 50/59తో గుణిస్తే నూటికి 72. కానీ తొమ్మిదీ అడుగున ఉండి చెయ్యి పైనే ఆగిపోతే ఈ భిన్నాలన్నీ కాగితం మీదే ఉంటాయి. పైనున్న కాయ ముందు తగులుతుంది, పెద్ద కాయ చిన్నదానికంటే ముందు తగులుతుంది, మెత్తబడిన కాయని వేళ్లు తెలియకుండానే వదిలేస్తాయి. కళ్లు మూసుకున్నా వేళ్లు చూస్తూనే ఉంటాయి.

దీనికి పెద్ద సాక్ష్యం అమెరికాలో ఉంది. వియత్నాం యుద్ధకాలంలో సైన్యంలోకి ఎవరిని ముందు పిలవాలో తేల్చడానికి 1969 డిసెంబరు 1న పుట్టినరోజుల లాటరీ తీశారు. ఏడాదిలోని 366 తేదీలనీ ప్లాస్టిక్ గొట్టాల్లో పెట్టి, గాజు పాత్రలో పోసి ఒక్కొక్కటే బయటికి తీశారు. ముందు వచ్చిన తేదీన పుట్టినవాళ్లకి ముందు పిలుపు. గాజు పాత్రలో పోసే ముందు గొట్టాల్ని జనవరి, ఫిబ్రవరి, మార్చి అంటూ నెలవారీగా ఒక పెట్టెలో వేశారు, సరిగా కలపలేదు. ఫలితం వచ్చాక చూస్తే ఏడాది చివరి నెలల్లో, ముఖ్యంగా డిసెంబరులో పుట్టిన కుర్రాళ్లకి తొలి సంఖ్యలు ఎక్కువగా పడ్డాయి. సూత్రం ప్రకారం ప్రతి తేదీకీ 1/366. పెట్టె ఆ సూత్రం చదవలేదు. మరుసటి ఏడాది పద్ధతి మార్చి, తేదీలు ఒక డ్రమ్ములో, సంఖ్యలు ఇంకో డ్రమ్ములో వేసి రెంటినీ తిప్పి జతగా తీశారు.

స్టీలు చెంబులో జరిగేది ఇంతకంటే సున్నితంగా ఉంటుంది. ఒకరి కాగితం నోటుబుక్కులోది, ఇంకొకరిది మందపాటి క్యాలెండరు ముక్క. ఒకటి నాలుగు మడతలు, ఒకటి ఉండలా చుట్టింది. ఉండ అడుక్కి జారుతుంది, వెడల్పుది పైన తేలుతుంది. పిల్ల చెయ్యి చెంబు మూతిలో సగం దాకానే దూరుతుంది. చీటీ వేసే ఆవిడకి ఎలాంటి దురుద్దేశమూ లేకపోయినా ఇరవై కాగితాలూ ఇరవై రకాలైతే 1/20 అన్నమాట నిలవదు. ఒకే కాగితాన్ని ఇరవై ముక్కలుగా కత్తిరించి, ఒకరి చేతే మడతపెట్టించి, చెంబు బదులు వెడల్పాటి గిన్నెలో వేస్తే చాలావరకు సరిపోతుంది. డిప్పుకి ముందు పేర్లన్నీ అందరిముందూ విప్పి చదివి, లెక్కపెట్టి మళ్లీ మడిచే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అనుమానంతో చేసినా మర్యాద కోసం చేసినా ఆ కాసేపట్లో జరిగేది కింది అంకెని పదిమంది ఎదుట తేల్చుకోవడమే.

ఇరవయ్యో నెలలో ఈ తతంగం ఏదీ ఉండదు. డబ్బాలో ఉన్నది ఒక్క కాగితం. పక్కింటి పిల్లని పిలవరు, చెంబు కుదపరు, కొందరు కాగితం విప్పను కూడా విప్పరు. ఒకటి బై ఒకటి, పదహారణాలా ఆ మిగిలిన మనిషిదే లక్ష.